మనిషిని మింగిన చెట్టు!

ఎనిమిది అడుగుల ఎత్తు. అనాసపండును నిలబెట్టినట్టుండే మాను. పైనుంచి నేలదాకా వేలాడే ఎనిమిది పెద్ద ఆకులు, వాటి నిండా ముళ్లు. నడినెత్తిన మత్తెక్కించే తియ్యని ద్రవం. 'మ్కోడో' అనే తెగవాళ్లు ఓ స్త్రీని బలవంతంగా ఆ చెట్టెక్కించి ద్రవం తాగించారు. అంతే... తీగలు పాముల్లా చుట్టేశాయి. ఆకులు పైకిలేచి మూసుకున్నాయి. కొద్దిరోజులకు అవి విచ్చుకునేసరికి మిగిలింది పుర్రె ఒక్కటే!

ఒళ్లు జలదరిస్తోంది కదూ! మడగాస్కర్ దీవిలో ఈ ఘోరాన్ని కళ్లారా చూశానంటూ ఓ జర్మన్ యాత్రికుడు చెప్పిన ఈ కథ 1874 ఏప్రిల్‌లో 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వచ్చింది. ఇతర దేశాల పత్రికలూ అచ్చేసుకున్నాయి. తీరాచూస్తే... ఆ యాత్రికుడు లేడు, ఆ తెగ లేదు, ఆ చెట్టూ లేదు. అంతా ఎడ్మండ్ స్పెన్సర్ అనే రచయిత కల్పన!

1888లో గుట్టు రట్టయినా కథ చావలేదు. 1924లో మిషిగన్ మాజీ గవర్నర్ ఛేజ్ ఆస్బోర్న్ మడగాస్కర్ మీద రాసిన పుస్తకానికి పేరే 'మనిషిని తినే చెట్టున్న నేల' అని పెట్టారు. 1955లో విల్లీ లే అనే సైన్స్ రచయిత మళ్లీ పనిగట్టుకుని, అదంతా బూటకమని తేల్చాల్సి వచ్చింది. చెట్టు సంగతి సరే... అన్నేళ్లూ ఆ దీవిలో మనుషుల్ని చెట్టుకు బలిచ్చేవాళ్లున్నారని నమ్మినవాళ్లెందరో!

విచిత్రమేమిటంటే, కీటకాలను తినే మొక్క మడగాస్కర్‌లో నిజంగానే ఉంది. ఫ్లకూర్ అనే ఫ్రెంచి అధికారి 1658లోనే దాన్ని వర్ణించాడు. పేరు నెపంథిస్. ఆకు కొసన చిన్న కూజా, దాని అంచున తేనె. ఆశపడి వచ్చిన చీమో ఈగో కాలుజారి లోపలి ద్రవంలో పడుతుంది, అరిగిపోతుంది. ఇదేం క్రూరత్వం కాదు. సారంలేని నేలలో దొరకని నత్రజనిని మొక్క అలా సంపాదించుకుంటుందంతే.

దాని చుట్టం మన మేఘాలయ కొండల్లోనూ ఉంది. గారో భాషలో దాని పేరుకు 'దెయ్యం బుట్ట' అని అర్థం. పాపం, ఆ దెయ్యం ఏ మనిషినీ ముట్టుకోలేదు. మనుషులే గనుల కోసం దాని నేలను తవ్వేశారు, ముచ్చటపడి ఇళ్లలో పెంచుకోవడానికి పెరికి పట్టుకుపోయారు. ఇప్పుడది అంతరించిపోయే జాతుల జాబితాలో ఉంది.

మనిషిని తినే చెట్టు ఎక్కడా లేదు. మొక్కను మింగేస్తున్న మనిషే ఉన్నాడు!