కావిడి బద్ద, ఫోర్కు స్ప్రింగు

బరువంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాది నౌపడ. ఉప్పు మడుల ఊరు. 1900లో ఇక్కడి నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్నరైలు నడిచింది. ఆ రైలు ఎంత బరువు లాగాలో ఇంజనీర్లు లెక్క కట్టారు. మడిలోంచి గట్టు మీదికి ఉప్పు మోసిన మా అయ్య భుజానికి ఎవడూ లెక్క కట్టలేదు. ఆ లెక్క అయ్యే కట్టుకున్నాడు. కావిడి బద్ద ఎంచుకునేటప్పుడు రెండు చేతులా పట్టి వంచి చూసేవాడు. "ఒంగకపోతే బుజం ఇరుగుతాది, మరీ ఒంగితే తట్ట నేలకి తగులుతాదిరా బాబూ" అనేవాడు.

మోటారు సైకిలు ముందు షాకబ్జర్లలో ఉన్నదీ ఇదే లెక్క. ఫోర్కు పైపు లోపల ఒక స్ప్రింగు, కొంత ఆయిలు. బరువు మోసేది స్ప్రింగు. ఆయిలు మొయ్యదు. చిన్న బెజ్జాల్లోంచి దూరుతూ, స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా దాని వేగాన్ని పట్టి ఉంచుతుంది. రెండూ వేరు వేరు పనులు. ఒకడి పని ఇంకొకడి నెత్తిన రుద్దితే ఏమవుతుందో మనకి తెలియనిదా?

నా వంద సీసీ బండి ముందు భాగం కుంగిపోయింది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి పోయేది. పట్నంలో ఒక షాపుకి తీసుకెళ్లాను. మిగతావాళ్లకి స్టూలు, నాకు రోడ్డు. ఏ ఆయిలు, ఎంత పోస్తున్నారని అడిగాను. "నీకెందుకురా అయ్యన్నీ? సిక్కటిది పోసీసినాను, అట్టుకెల్లు" అన్నాడు. ఊళ్లో సిమెంటు రోడ్డు మీద బాగానే ఉంది. సిమెంటు అయిపోయి మా పేట గోతులు మొదలయ్యేసరికి చేతులు అదిరిపోయాయి. చిక్కటి ఆయిలు చక్రాన్ని చప్పున కదలనివ్వదు, దెబ్బంతా హ్యాండిలుకే వస్తుంది. వరస గోతుల్లో స్ప్రింగు తిరిగి సాగేలోగా ఇంకో గొయ్యి వస్తుంది. ఫోర్కు కిందికే దిగిపోతూ ఉంటుంది. నీరసించిన స్ప్రింగు నీరసంగానే ఉంది.

'రోజువారీ వాడకం' అంటారు. ఎవరి రోజు? కంపెనీ ఒక మనిషినీ ఒక రోడ్డునీ ఊహించుకుని స్ప్రింగు పెడుతుంది. మా రోజంటే వెనక ఇంకో మనిషి, మధ్యలో బస్తా, కింద గోతులు.

అందుకని కొలవండి. ముందు చక్రం గాల్లోకి లేపి, పైపు ఎంత బయటికి ఉందో చూడండి. తర్వాత రోజూ మోసే బరువుతో కూర్చుని ఇంకొకర్ని కొలవమనండి. ఫోర్కు మొత్తం దిగగలిగే దూరంలో ఆ తేడా పావు నుంచి మూడో వంతు ఉంటే స్ప్రింగు సరిపోయినట్టే. 120 మి.మీ. దిగే ఫోర్కయితే 30 నుంచి 40. అది దాటితే స్ప్రింగు తీసి, దాని పొడవుని సర్వీసు పుస్తకంలోని హద్దుతో పోల్చాలి. పొట్టిదైపోతే రెండు వైపులా మార్చాలి. పొడవు సరిగ్గా ఉండీ కుంగుతుంటే గట్టి స్ప్రింగు కావాలి. పైన పైపుముక్క పెట్టి బిగిస్తే బండి ఎత్తు పెరుగుతుంది గానీ స్ప్రింగు బలం పెరగదు.

ఆయిలు మాత్రం పుస్తకం చెప్పిన గ్రేడే. చాలా రోడ్డు బళ్లకి 10 నంబరు చుట్టుపక్కల ఉంటుంది. గట్టి స్ప్రింగు వేసినప్పుడే ఒక మెట్టు చిక్కనిది అవసరం కావచ్చు. డబ్బా మీద నంబరు ఒకటే అయినా అన్ని కంపెనీల ఆయిలూ ఒకే చిక్కదనంలో ఉండదు. రెండు వైపులా సమానంగా కొలిచి పోయాలి. ఎక్కువైతే పైన గాలికి చోటు తగ్గి ఫోర్కు బిగుస్తుంది, సీలు మీద ఒత్తిడి పడుతుంది. వాడేసిన ఇంజను ఆయిలు పోయనివ్వకండి.

సముద్రం పక్క ఉన్నవాళ్లకి ఉప్పుగాలి ఇంకో శత్రువు. పైపు మీది క్రోముని తినేస్తుంది. ఆ గరుకు కొత్త సీలుని కూడా కోసేస్తుంది. కారిన ఆయిలు బ్రేకు మీద పడితే ప్రాణానికే ముప్పు. పైపులు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం రోజూ పనే.

ఇది మెకానిక్కు గోల, ఉద్యమానికెందుకు అనే తమ్ముళ్లున్నారు. 1929లో చాలీస్‌గావ్‌లో అంబేద్కర్‌ని ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. అక్కడి మహర్లు టాంగా ఒక్కటే అద్దెకి తెచ్చి, తోలడం రాని తమవాడి చేత తోలించారు. కల్వర్టు దగ్గర చక్రం తగులుకుని బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డాడు. కాలు విరిగింది. ఆయనే రాసుకున్నాడు. టాంగా దొరికింది, పగ్గాలు పట్టే విద్య దొరకలేదు. మనం బళ్లు కొనుక్కున్నాం. వాటి విద్య కూడా మన చేతికి రావాలి.

మా పేటలో ఇప్పుడు ఒక కొలజాడీ, ఒక స్కేలు నా దగ్గరున్నాయి. ఎవరొచ్చినా ఇస్తాను. ఏ ఆయిలు, ఎంత అని అడిగితే చెప్తాను. కూర్చోడానికి స్టూలు కూడా ఉంది.