కాగే నూనె, గోడ మీది కాగితం

పిండివంట అనగానే మన మనస్సు పండుగ వైపు పోతుంది. సంక్రాంతికి సకినాలు, పెండ్లికి బూందీ, రంజాన్ సాయంకాలాలలో సమోసా, ఇవన్నీ ఒకప్పుడు ఇంటి మూకుడులోనో, వీధి చివరి కొట్టు బాండలిలోనో పుట్టేవి. నేడు వానిలో చాలా భాగం నగరపు అంచులలోని రేకుల షెడ్డులలో, నిలువెత్తు మనిషికి నాలుగింతల పొడవున్న ఉక్కు తొట్టెలలో వేగి, పొట్లాలలో నిండి మన చేతికి వస్తున్నది. అబ్దుల్లాపూర్‌మెట్ దరిదాపులలో, విజయవాడ రహదారికి కొంచెం లోపలగా అటువంటి కర్మాగారం ఒకటి ఉన్నది. మా మేనమామ అక్కడ యంత్రాల మరమ్మతు చూస్తారు. మా ఇంటిల్లిపాదికీ ఆయన మామూ, కర్మాగారంలో ఉస్తాద్. పద్యాలు చెప్పుకొనే నీకు నూనె తొట్టెతో ఏమి పని అని మిత్రులు అడిగారు. పని ఉన్నది. అది మన విద్యార్థులకు కూడా సంబంధించినది కనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

తొట్టె ఒక కొసన పడిన పచ్చి పిండి గొలుసు పట్టా మీద సాగి, రెండవ కొసన కారప్పూసగా తేలుతుంది. నూనెను ఒక పంపు బయటికి లాగి, జల్లెడ గుండా పంపి, మంట గొట్టాల వద్ద వేడిచేసి తిరిగి తొట్టెలో పోస్తుంది. వేడి 170, 180 డిగ్రీల మధ్య నిలవాలి. పిండిలోని నీరు ఆవిరియై బయటికి తన్నుకొని వచ్చినంతసేపు నూనె లోపలికి చొరబడలేదు. మనం చూచే బుడగలు ఆ ఆవిరివే. సెగ తగ్గినదా, ఆవిరి జోరు తగ్గి సరుకు నూనె త్రాగుతుంది. సెగ మించినదా, పైన మాడి లోపల మెత్తగా ఉండిపోతుంది. ఇంతవరకు మన తల్లులు ఎరుగనిది ఏమీ లేదు. యంత్రంతో వచ్చిన చిక్కు ఏమంటే, లోపం ఒకచోట ఉంటుంది, అది కనిపించేది మరొకచోట.

మామూ తెర మీది అంకెను పూర్తిగా నమ్మరు. అంకె 175 అంటున్నది, సరుకు మాత్రం ఎర్రబడుతున్నది అనుకోండి. నూనెలో మునిగి వేడిని కొలిచే కమ్మికి, అనగా థర్మోకపుల్‌కు, మాడు పొర పట్టినదేమో అని ఆయన మొదట చూస్తారు. పొర పట్టిన కమ్మికి వేడి ఆలస్యంగా తెలుస్తుంది. నూనె ఇంకా చల్లగానే ఉన్నదనుకొని యంత్రం మంటను పెంచుతూ పోతుంది. అందుకే ఆయన జేబులో వేరే ఉష్ణమాపకం ఉంటుంది. నురగ విషయంలోనూ అంతే. తొట్టె కడిగిన మరునాడే నురగ పొంగితే, కడగడానికి వాడిన సోడా పూర్తిగా పోలేదన్నమాట. అలా కాక రోజులు గడిచిన కొద్దీ పెరిగితే నూనెకే కాలం చెల్లినదన్నమాట. ఎవరో తెలియక బిగించిన ఇత్తడి మరను ఆయన ఒకసారి విప్పి పారవేశారు. ఇత్తడిలోని రాగి నూనెను త్వరగా పాడుచేస్తుంది. పాడైన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే దానిని వంటకు వాడరాదని 2018 జూలై 1 నుండి దేశమంతటా నియమం ఉన్నది. అటువంటి నూనెను బయోడీజిల్ తయారీకి పంపవచ్చు.

ఆయన అన్నిటికంటె ఎక్కువగా భయపడేది మంటకు కాదు, నీటికి. కడిగిన తరువాత గొట్టం వంపులో దోసెడు నీరు మిగిలినా, వేడి నూనె తగిలిన క్షణంలో అది సుమారు 1,700 రెట్లు ఉబ్బి, నూనెను మనిషి ముఖాన విసిరికొడుతుంది. ఆయన ముంజేతి మీద మోచేతి దాకా ఉన్న మచ్చ ఎనిమిదేళ్ల క్రితం వేరొక చోట ఇలాగే వచ్చినది.

ఇక అసలు సంగతి. తొట్టెకు రెండు కాపలాలు ఉంటాయి. ఒకటి నిత్యం మంటను హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటుంది. రెండవది మొదటిది తప్పినప్పుడు మాత్రమే మేలుకొని మంటను పూర్తిగా ఆర్పివేస్తుంది. మనిషి వచ్చి మీట నొక్కితే గాని తిరిగి వెలగనీయదు. దానిని హై లిమిట్ అంటారు. ఒక దసరా ముందు అది గంటలో మూడుసార్లు మంట ఆర్పింది. సరుకు కొరకు లారీ వాకిట నిలిచి ఉన్నది. పర్యవేక్షకుడు విసిగి, ‘రెండు తీగలు కలిపి డైరెక్ట్ ఇచ్చెయ్’ అని సహాయకునికి చెప్పాడు. ఆ సహాయకుడు మన కళాశాలలో ఇంటర్ ముగించి, ఇల్లు గడవక డిగ్రీలో చేరలేకపోయిన కుర్రవాడు. పెట్టె మూత విప్పాడు కూడా.

‘ఆగు బేటా. కుక్క మొరిగితే దాని నోరు కడతామా, దొంగను వెదుకుతామా?’ అన్నారట మామూ.

దొంగ జల్లెడలో దొరికాడు. శనగపిండి రవ్వలు గడ్డకట్టి నూనె దారిని మూసివేశాయి. పంపు తిరుగుతూనే ఉన్నది, నూనె మాత్రం కదలడం లేదు. మంట గొట్టాల దగ్గర నిలిచిన నూనె భగ్గుమనే వేడికి చేరువవుతుండగా, తొట్టెలోని కమ్మి మాత్రం అంతా క్షేమమే అంటున్నది. వంటనూనె సుమారు 350 డిగ్రీల ప్రాంతంలో ఏ నిప్పూ తగలకుండానే అంటుకొంటుంది. ఆ మంట మీద నీరు చల్లరాదు. ఇంధనం కట్టి, మూత వేయాలి. నూనె మంటలకు ఐరోపాలో ఎఫ్ అని, అమెరికాలో కె అని ప్రత్యేక తరగతినే ఏర్పరచి, వానికి వేరే ఆర్పే మందు వాడుతారు. ఆనాడు పని నాలుగు గంటలు ఆగింది. లారీ సగం సరుకుతో పోయింది. ఆ నెల మామూకు రావలసిన అదనపు సొమ్ములో కోత పడింది. ఆయన దానిని గురించి ఎక్కువ మాట్లాడరు, మా అత్త మాట్లాడుతుంది.

తరువాత ఆ కుర్రవాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: ‘సార్, ఆ పెట్టె మీద ఎర్ర అక్షరాలలో ఏమి వ్రాసి ఉన్నది?’ అక్షరాలు ఇంగ్లీషువి. వాటిని కూడబలుక్కొని చదవగలడు, భావం అందదు. యంత్రంతో వచ్చిన తెలుగు పత్రం ఒకటి ఉన్నది. అందులో ‘అధిక ఉష్ణోగ్రతా పరిమితి సాధనమును నిష్క్రియము చేయరాదు’ అని అచ్చువేశారు. నిష్క్రియము అనే మాట మీద నాకు కోపం లేదు, పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టే మాటే. కాని లారీ వాకిట నిలిచినప్పుడు షెడ్డులో ఎవరూ నిష్క్రియము చెయ్యి అనరు, డైరెక్ట్ ఇచ్చెయ్ అంటారు. వద్దనేటప్పుడు కూడా ఆ మాటతోనే వద్దనాలి.

యజమాని సమ్మతించడంతో మామూ చెప్పగా నేను గోడకు ఒక కాగితం వ్రాశాను. హై లిమిట్ మంట ఆర్పితే డైరెక్ట్ ఇవ్వకండి, ముందు జల్లెడ చూడండి. నూనె గొట్టాల కంటె కిందికి దిగితే మంట వెలిగించకండి. కడిగిన తరువాత గొట్టాలు ఆరనిదే నూనె పోయకండి. కరెంటు పోతే పంపు ఆగుతుంది కనుక మంట కట్టి, పట్టా మీది సరుకును చేతి గరిటెతో తీయండి. ‘చూడు, పోయకు’ అంటే చాలదా అన్నారు మామూ. పనివానిని గోడ మీద ఏకవచనంలో పిలవడం నాకు నచ్చలేదు, ఆయన ఒప్పుకొన్నారు. మన ఉర్దూ శాఖలోని మిత్రుడు ఉర్దూ పాఠం వ్రాసిపెట్టాడు. నూనె తుంపరలకు కాగితం ఆగదు గనుక రెండింటికీ ప్లాస్టిక్ పొర వేయించాము. రాత్రి వంతులో పనిచేసేవారు ఎక్కువగా ఒడిశా వారు. ఆ భాషలో వ్రాసేవారు ఇంకా దొరకలేదు, గోడ మీద మూడవ కాగితానికి చోటు మాత్రం విడిచి ఉంచాము.