పేగుల పొర ముచ్చట

రండి, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. దేవరకొండ ఖిల్లా మీంచి దిగే చలి ఈ పూట గట్టిగనే ఉంది. చలి కాగుతూ ఒక జబ్బు ముచ్చట చెప్త, వినండి.

కడుపునొప్పని పట్నం పోయి సీటీ స్కాన్ తీయిస్తారు. రిపోర్టులో 'మెసెంటెరిక్ పానిక్యులైటిస్' అని ఉంటుంది. ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. మేకను కోసినప్పుడు పేగుల వెంట కొవ్వు పట్టిన పల్చటి పొర చూసే ఉంటారు కదా? మనకూ అదే ఉంటుంది. పేగులను పట్టి ఉంచేదీ, వాటికి రక్తం అందించేదీ అదే. ఆ కొవ్వు వాస్తే వచ్చేదే ఈ అరుదైన జబ్బు. చాలామందికి మందు అవసరమే రాదు.

మరి భయం దేనికంటే, ఆ పొరలో లింఫు గ్రంథులుంటాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది చూడండి, అసొంటివే. వాటిలో పుట్టే క్యాన్సరే లింఫోమా. ఒక్కోసారి ఈ వాపూ, లింఫోమా రెండూ కలిసే ఉంటాయి. ఒక్కోసారి లింఫోమాయే ఉత్త వాపులా కనబడుతుంది. 2000లో గ్రీస్ వైద్యులు 7,620 కడుపు స్కానుల లెక్క ప్రచురించారు. 49 మందిలో ఈ వాపు కనబడితే, వాళ్లలో 34 మందికి ఏదో ఒక క్యాన్సర్ ఉంది. బెదరకండి, వాళ్లు అప్పటికే ఏదో బాధతో స్కాన్‌కు వచ్చినవాళ్లు. వాపు వల్లనే క్యాన్సర్ వస్తుందని తేలలేదు.

మన దగ్గర టీబీతో ఇంకో చిక్కు. విడవని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కడుపులో బిళ్లలు టీబీకీ ఉంటాయి, లింఫోమాకూ ఉంటాయి. ఊహ మీద నెలల తరబడి టీబీ మందులు మింగితే ఆ కాలం మళ్లీ రాదు. తేల్చేది బిళ్లలోంచి చిన్న ముక్క తీసి చూసే ముక్క పరీక్షే (బయాప్సీ). 'ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతది' అనే మాట నమ్మి ఆగకండి.

లింఫోమా అని తేలినాక దారి ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందును కొన్ని లింఫోమాలకు ఇప్పటికీ వాడతారు. 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ రిటుక్సిమాబ్ అనే లింఫోమా మందును రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. అక్కడే రెడ్‌హిల్స్‌లో సర్కారు వారి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

కాబట్టి ఆ రిపోర్టును పెట్టెలో దాచకండి. అది పట్టుకొని మళ్లీ డాక్టర్ దగ్గరికి పోండి. 'ముక్క పరీక్ష కావాల్నా?' అని నోరు తెరిచి అడగండి.