సిల్వర్ ఓక్ నీడ, పనస నీడ

చింతపల్లి కొండల్లో డిసెంబరు కాఫీ పండ్లు కోసే కాలం. పోడు మానిన గిరిజనులు కాఫీతో ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని సంపాదకులు పంపారు. వెంట వచ్చినవాళ్లు నర్సరీ, పల్పింగ్ యూనిట్ చూపిస్తామన్నారు. నేను ఒక ముసలమ్మ పండ్లు కోస్తున్న చోటే ఆగిపోయాను.

ఎడమచేత్తో కొమ్మ వంచి, కుడిచేతి రెండు వేళ్లతో ఎర్రపండును మెలిపెట్టి తీస్తోంది. దాన్ని ఆనుకునే ఉన్న పచ్చికాయ కదలదు. కొమ్మంతా దూసేస్తే బుట్ట ఇట్టే నిండుతుంది గానీ, పచ్చికాయ కలిస్తే కాఫీ రుచి చెడుతుంది. అందుకే ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. కిలో గింజలకు ఐదారు కిలోల పండ్లు కోయాలి. 2019లో, ఈ కొండల పంట కూడా కలిసిన అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు తెచ్చింది ఇలాంటి వేళ్లే.

"ఈ సిల్వర్ ఓకు నీడిస్తాది బాబూ. తినడానికి పండేది? మా అత్త పెట్టిన పనసైతే నీడా ఇచ్చేది, కడుపూ నింపేది" అంది, చెయ్యి ఆపకుండానే.

ఆ మాట నన్ను వదల్లేదు. కాఫీకి నీడ కావాలి కాబట్టి, ఒకప్పుడు పోడుకోసం వాలు కాల్చిన రైతే ఇప్పుడు చెట్టుకు కాపలా. ఇది చిన్న మేలు కాదు. కానీ నీడ పేరుతో ఎక్కువగా నాటింది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్‌నే. తొందరగా పెరుగుతుంది, నిటారు మాను మీదికి మిరియాల తీగ చక్కగా పాకుతుంది. నిజమే. అయినా ఒకే జాతి చెట్ల వరసలు అడవి కావు. పనస, నేరేడు ఉంటే పిట్టకూ మనిషికీ తిండి. చోళ్లు, సామలు చల్లిన వాలు కాఫీకి పోయాక, ఏడాదికోసారి వచ్చే డబ్బుతో బియ్యం కొనుక్కునే ఇంటికి ఆ తిండి మరీ అవసరం.

ఏ చెట్టు పెంచాలో తేల్చడంలో ఊరికీ మాట ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, గిరిజనులకు హక్కిచ్చింది. ఊరి అడవిని కాపాడుకుని, పెంచుకునే సామూహిక హక్కు కూడా అదే చట్టంలో ఉంది. పట్టాల లెక్క చెప్పే నాయకులు ఈ రెండో హక్కు ఊసెత్తరు.

అధికారులకు నా మాట ఒకటే: వచ్చే వానాకాలానికి నర్సరీల్లో ఏ మొక్కలు పెంచాలో ముందుగా గ్రామసభను అడగండి. పనస, నేరేడు నారు పోయండి. వాటిని పెంచే రైతుకు, కాయ కాసే దాకా డబ్బు సాయం చేయండి.