ఫ్లోరైడ్ పండ్లు

2 ఫిబ్రవరి 2025, సూర్యాపేట

తమ్ముడి పెళ్లి ఇంకో నెల. నిరుటి ఫంక్షన్ ఫొటోలు ముందేసుకున్నా. నేను పదకొండింట్లో ఉన్నా. తొమ్మిదింట్లో నోటికి కొంగు అడ్డం. మిగతా రెండింట్లో నవ్వలేదు.

సాయంత్రం పండ్ల డాక్టరు దగ్గరికి పోయా. పై వరుసకు ఎనిమిది విన్నీర్లు, అంటే పండ్ల మీద అతికించే పల్చటి పెంకులు, పంటికి ఎనిమిది వేలు అన్నాడు. సినిమావాళ్ల నవ్వులన్నీ ఇవేనట. పన్ను అరగదీస్తారా అంటే, "అర మిల్లీమీటరేనమ్మా!" ఇంటికొచ్చి స్కేలు మీద చూసుకున్నా. గోరంత మందం. పదిహేనేళ్లకో ఎప్పటికో మళ్లీ మార్చాలి, అప్పటికి కింద సొంత పన్ను ఎంత మిగులుతుందో.

9 ఫిబ్రవరి, కోదాడ

దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు జాతర ఏర్పాట్లు. బస్సు మెల్లగా కదిలింది. ఇక్కడి డాక్టరు మొహమాటం లేని మనిషి. బ్లీచింగ్ చేస్తే గోధుమరంగు కొంత పలచబడుతుంది గానీ, తెల్లమచ్చలు మొదట్లో ఇంకా తేలి కనబడొచ్చట. ఆలోచించుకుని రమ్మన్నాడు.

12 ఫిబ్రవరి

నా పండ్ల మచ్చల్ని ఊళ్లో అందరూ గార అనేవాళ్లు. చిగుళ్లు నెత్తురొచ్చేదాకా వేపపుల్లతో తోమేదాన్ని. అసలది గార కాదు. ఇది పన్ను చిగురులోంచి బయటికి రాకముందే, మర్రిగూడ వైపు మా ఊరి బోరునీళ్లతో ఎనామిల్‌లో పడ్డ మచ్చ. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నంతో దాన్ని విరిచే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు మా నల్లగొండ పేరే పెట్టారు, మాకు దక్కిన కీర్తి అది. ఇప్పుడు ఊళ్లో మిషన్ భగీరథ నల్లా ఉంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లల పండ్లకైతే మేలే, నా పండ్లకు కాదు.

అమ్మ పండ్లు మాత్రం మల్లెమొగ్గలే. సాగర్ కాల్వ నీళ్లు తాగి పెరిగి, పదిహేడేళ్లకు మా ఊరి కోడలైంది. ఆ బోరు ఆమె పండ్ల జోలికి పోలేదు, మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తుంది. తమ్ముణ్ని పుట్టగానే మిర్యాలగూడలో అమ్మమ్మ దగ్గరే ఉంచింది. వాడూ తెల్లగా నవ్వుతాడు. ఎవరు ఎక్కడ పెరిగామో మా ఇంట్లో నోరు తెరిస్తే తెలుస్తుంది.

17 ఫిబ్రవరి, మిర్యాలగూడ

ఈ డాక్టరమ్మ పంటిని ఆరబెట్టి, లైటు వేసి చూసింది. "పైపొర మచ్చే. రుద్ది చూద్దాం. పోకపోతే విన్నీర్లు ఎటూ ఉండనే ఉన్నయి. తీసేసిన పన్ను మాత్రం మళ్లీ రాదు."

మైక్రో అబ్రేషన్ అంటారట. చిగుళ్లకు రబ్బరు షీటు కట్టి, ఆసిడ్ కలిపిన గరుకు పేస్టుతో కాసేపు రుద్దడం, కడగడం, మళ్లీ రుద్దడం. నోరంతా పుల్లటి వాసన. అద్దంలో చూస్తే బెల్లం రంగు చారలు పాలు ఎక్కువైన చాయ్ రంగుకు దిగాయి. కుడి ముందు పంటి మీది గీత మాత్రం కదల్లేదు.

చల్లనీళ్లకు జివ్వుమంటోంది. కొన్నాళ్లు చాయ్, పసుపు కూరలు బందట. ఎల్లుండి పెళ్లిపసుపు దంచాలి. ఫోన్లో చెప్తే అమ్మ, "దంచుతందుకు ఏమైతదే, తినకుంటే సాలు!" అంది. ఇంటికొచ్చేసరికి పసుపెయ్యని పప్పు పొయ్యి మీదుంది.