గెనిమ మీది ఎలుక, దుబ్బులోని దోమ

వరి పిలకలు తొడిగే రోజులొచ్చాయంటే నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఏ అరుగు మీద విన్నా రెండే మాటలు: ఎలుకలు, సుడిదోమ. వీటిలో ఏది పెద్ద శత్రువంటే చాలామంది ఎలుకనే అంటారు. నేను ఒప్పుకోను.

ఎలుక చేసే చేటు కళ్లెదుటే ఉంటుంది. గెనిమకి బొరియ, దాని ముందు కుప్పగా కొత్తమట్టి, కత్తితో ఏటవాలుగా కోసినట్టు తెగిపడ్డ పిలకలు. దాని ముందుపళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, కొరక్కపోతే దానికి బతుకే లేదు. మన యానాది గిరిజనులు కుండలో గడ్డి రాజేసి, బొరియలోకి పొగ ఊది దాన్ని పడతారు. అది దాచుకున్న వడ్లు కూడా తవ్వి తీస్తారు. ఏ బొరియలో ఎలుక ఉందో మట్టి చూసి చెప్పే ఆ విద్యకి మనం ఏనాడూ తగిన విలువ ఇవ్వలేదు. ఎర పెట్టేవాళ్లు బొరియలన్నీ ఇవాళ మూసి, రేపటికి తెరుచుకున్న వాటిలోనే పెడతారు.

సుడిదోమ అట్టా కాదు. బియ్యపు గింజంత కూడా ఉండదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పైన ఆకు పచ్చగానే కనిపిస్తుంది. ఒక్కో ఆడదోమ రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది, నెల తిరిగేసరికి కొత్త తరం సిద్ధం. ఒక పొద్దున చూస్తే కయ్య నడుమ సుడి తిరిగినట్టు గుండ్రంగా ఎండి ఉంటుంది. అప్పటికి చేయిదాటిపోయినట్టే.

పాముల్ని, గుడ్లగూబల్ని తరిమి ఎలుకని పెంచింది మనమే. దోమ సంగతీ అంతే. యూరియా ఎక్కువ చల్లుతాం, పురుగు కనిపిస్తే చాలు మందు కొడతాం. దోమని తినే సాలీళ్లు ముందు చస్తాయి. ఇండోనేషియా ఈ దోమ దెబ్బకే 1986లో 57 పురుగుమందుల్ని వరి మీద వాడొద్దని నిషేధించింది.

అందుకే చెబుతున్నా, గెనిమ మీంచి చూసి తిరిగి వచ్చేయకండి. కయ్యలోకి దిగి దుబ్బు తట్టండి. ఒక్కో దుబ్బుకి పది పదిహేను దోమలు నీళ్లలో రాలితే ఆ పూటే నీళ్లు తీసి పొలం ఆరబెట్టండి. వచ్చే నాట్లకి ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం మరవకండి.