కీలు వాచినప్పుడు

కీళ్ల నొప్పిలో ముందు తేల్చుకోవాల్సింది నొప్పి ఎంత ఉందని కాదు, వాపు ఉందా లేదా అని. బరువులెత్తినా, ఒంట్లో జ్వరం ఉన్నా కీళ్లు సలుపుతాయి. నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. దెబ్బ తగలకుండానే కీలు వాచిందంటే మాత్రం దానికి కారణం వెతకాల్సిందే. వాపును పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. రెండు కాళ్లూ పక్కపక్కన చాపి చూస్తే, చిప్పకు ఇరువైపులా ఉండే పల్లం వాచిన మోకాలి దగ్గర పూడిపోయి ఉంటుంది. మామూలు మోకాలు తాకితే కింది కాలి కంటే చల్లగా తగులుతుంది. వెచ్చగా ఉంటే అనుమానించాలి. చేతివేళ్లకైతే పిడికిలి బిగించినప్పుడు కణుపుల మధ్య గుంటలు కనబడవు, నిన్నటిదాకా వచ్చిన ఉంగరం రాదు.

వరంగల్ మట్టెవాడ వాళ్లకు ఎంజీఎం ఆసుపత్రి పక్కనే. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి అదే బోధనాసుపత్రి. అయినా కీళ్ల నొప్పి ముందు మెడికల్ షాపుకే వెళ్తుంది, ఆ తర్వాత ఆర్‌ఎంపీ సూదికి. రోజుకూలీకి వెళ్లేవాళ్లను తప్పుపట్టలేం. ఓపీ చీటీ కోసం నిలబడితే ఆ పూట కూలి పోయినట్టే. ఏ నొప్పి ఆగుతుందో, ఏది ఆగదో తెలియాల్సింది అందుకే.

అస్సలు ఆగనిది ఒకటుంది. ఒకే కీలు గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వాచి, ఎర్రబడి, కాలు మోపనివ్వకుండా చేస్తే, దానికి జ్వరం కూడా తోడైతే, కీలులో చీము పట్టిందేమోనని చూడాలి. చీము కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఇలాంటప్పుడు ఓపీ వేళ దాకా ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి. అక్కడ కీలులోని నీటిని సూదితో తీసి పరీక్షకు పంపుతారు. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు వాచేది చాలాసార్లు యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌటే. అయినా పైకి చూసి గౌటో, చీమో చెప్పడం డాక్టర్లకే కష్టం.

ఇక జ్వరం తర్వాత పట్టే నొప్పులు. 2005 చివర్లో మొదలై 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా చుట్టేసినప్పుడు నడుము వంగిపోయి, గోడ పట్టుకుని నడిచినవాళ్లు చాలామందే. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గింది, కొందరిని నెలల తరబడి పీడించింది. జ్వరం ఉన్నన్నాళ్లూ, డెంగీ కాదని తేలేదాకా, పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్ల వేసుకోకూడదు. రక్తస్రావం ముప్పు ఉంటుంది. అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఎప్పుడో వచ్చిన జ్వరం పేరు చెప్పి, ఏళ్లు గడిచినా ప్రతి వాపునూ ఆ ఖాతాలోనే వేసేస్తారు.

ఆ ఖాతా మాటున ఎక్కువగా దాగేది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడింతలు ఎక్కువ. మణికట్లు, వేళ్ల కణుపులు రెండు చేతులకూ వాస్తాయి. పొద్దున లేవగానే చీపురు పట్టలేరు, కొళాయి తిప్పలేరు. పొద్దెక్కే కొద్దీ చేతులు సాగుతాయి. అరుగుదల నొప్పిది దీనికి తిరగబడ్డ లెక్క: వాడే కొద్దీ ఎక్కువై, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దుటి బిగుతు అరగంట దాటుతున్నా, వాపు ఆరు వారాలకు చేరువవుతున్నా ఇంకా వాయిదా వేయకూడదు. మొదటి నెలల్లో మందు పడితే కీళ్లు వంకర పోకుండా ఆపవచ్చు. వంకర పోయాక మందుతో సరిచేయలేరు.

గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు పిల్లల్లో నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతుంటే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్లు బాగుపడతాయి గానీ గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. ఒక్క కీలే నెలల తరబడి మెల్లగా వాస్తూ, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడి, బరువు తగ్గుతుంటే క్షయ పరీక్ష చేయించాలి.

ఇక ఆసుపత్రిలో ఏ విభాగానికి వెళ్లాలంటే, దెబ్బ తగిలిందైతే ఎముకల విభాగం, లేకపోతే జనరల్ మెడిసిన్. అవసరమైతే అక్కడి నుంచి కీళ్లవాత నిపుణుల దగ్గరికి పంపుతారు. హైదరాబాద్ నిమ్స్‌లో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. డాక్టరు చూసే వేళకు వాపు దిగిపోవచ్చు కనుక ఉన్నప్పుడే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవడం మేలు. అప్పటిదాకా మింగిన బిళ్లల అట్టలు కూడా వెంట తీసుకెళ్లాలి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వాపు అణిగి జబ్బు ఆనవాలు చెరిగిపోతుంది. కొన్నాళ్లు వాడినదాన్ని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. నొప్పి బిళ్లలు ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ లేదని వచ్చినా జబ్బు లేదని కాదు, గౌటు ముదిరిన రోజున యూరిక్ యాసిడ్ మామూలుగానే చూపించవచ్చు. కాబట్టి ల్యాబు కాగితం ఒక్కటే చూసుకుని ఇంటికి తిరిగిరాకుండా కీళ్లను డాక్టరుకు చూపించాలి.